సెట్టింగుల అడుగున దాగిన చరిత్ర

ప్రతి స్మార్ట్‌ఫోన్ సెట్టింగుల్లోనూ యాక్సెసిబిలిటీ అనే విభాగం ఒకటి ఉంటుంది. ఫోను కొన్నాక దాన్ని తెరిచి చూసేవారు తక్కువ. తెరిచినవారు కూడా ఇది చూపు లేనివారికీ, వినపడనివారికీ సంబంధించిన వ్యవహారం అనుకుని వెంటనే వెనక్కి వచ్చేస్తారు. ఫోనులో మనకు తెలియని సౌకర్యాల గురించి పత్రికల్లో తరచూ వచ్చే వ్యాసాలు ఈ విభాగంలోంచి ఒకటి రెండు చిట్కాలు ఏరుకుని చెప్తాయి గానీ అవి ఎవరి కోసం పుట్టాయో చెప్పవు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, తెర మీది మాటలు చదివించుకోవడం, ఎదుటివారి మాటల్ని అక్షరాలుగా మార్చుకోవడం, చెయ్యి తగలకుండా ఫోను నడపడం వంటివన్నీ ఫోను తయారయ్యాక పైనుంచి అతికించిన హంగులని మన నమ్మకం. చరిత్ర చూస్తే ఇది తలకిందుల నమ్మకమని తేలుతుంది. మనం రోజూ వేలితో తాకే తెర, సగం కొట్టగానే పూర్తి మాట చూపించే కీబోర్డు, కాగితం మీది అక్షరాన్ని చదివే కెమెరా వెనక శరీరంలో ఏదో ఒక శక్తి సహకరించని మనుషులు ఉన్నారు. వాళ్ల కోసం, కొన్నిసార్లు వాళ్ల చేతుల మీదుగానే, ఇవి రూపుదిద్దుకున్నాయి. ఆ సంగతి మరిచి ఆ విభాగాన్ని ‘వేరేవాళ్లది’ అని పక్కన పెట్టడం వల్లే ఫోనులో ఉన్న మంచి సౌకర్యాలు చాలామందికి తెలియకుండా పోతున్నాయని నా వాదన.

ఈ కథను 1808 ప్రాంతపు ఇటలీ దగ్గర మొదలుపెట్టవచ్చు. పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపు లేని కౌంటెస్ కరోలినా ఫాంతోని తన ఉత్తరాలు తానే రాసుకునేలా మీటలు నొక్కి అక్షరాలు అచ్చు వేసే యంత్రాన్ని తయారుచేసి ఇచ్చాడు. చూపు లేని మనిషి ఉత్తరం చెప్పి రాయించుకోవాలంటే లోపలి మాట మూడో మనిషి చెవిన పడక తప్పదు. ఆ గోప్యత కోసం పుట్టిన యంత్రమది. యంత్రం ఇప్పుడు లేదు, దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి. పనిచేసినట్టు ఆధారాలున్న తొలి టైపు యంత్రాల్లో అదొకటి.

టెలిఫోను సంగతి ఇంకా స్పష్టం. అలెగ్జాండర్ గ్రాహం బెల్ చేసిన వృత్తి బధిరులకు మాట్లాడడం నేర్పడం. అతని తల్లికి వినికిడి లోపం. పెళ్లాడిన మేబెల్ హబ్బర్డ్ ఐదేళ్ల వయసులో జ్వరం వచ్చి వినికిడి పోగొట్టుకున్న మనిషి. శబ్దాన్ని కంటికి కనిపించే గీతగా మార్చి తన విద్యార్థులకు చూపించాలని 1874లో మృతదేహం నుంచి తీసిన చెవిని అమర్చి అతను ఒక పరికరం చేశాడు. గాలిలోని అలజడి ఒక పలచటి పొరను ఎలా కదిలిస్తుందో ఆ ప్రయోగాల్లో గమనించాడు. 1876లో టెలిఫోను పేటెంటు వచ్చింది. బెల్‌ని ఈ కథకు నాయకుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. సైగల భాషను బళ్లలోంచి తీసెయ్యాలని పట్టుబట్టినవాడు అతను. అందుకు బధిరులకు అతని మీద ఈనాటికీ కోపం ఉంది, అది న్యాయమైన కోపం. అంతకంటే పెద్ద నష్టం అతని యంత్రమే చేసింది. వ్యాపారం, ఉద్యోగం, డాక్టరుకు కబురు, చుట్టాల పలకరింపు ఒక్కొక్కటిగా ఫోను మీదికి ఎక్కుతున్నకొద్దీ వినపడనివారు బయట మిగిలిపోయారు. బధిరులకు పాఠం చెప్పే ప్రయత్నంలో పుట్టిన ఆలోచన బధిరుల ముఖాన్నే తలుపు వేసింది.

ఆ తలుపు తెరుచుకోవడానికి ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది. రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతిక శాస్త్రవేత్త 1964లో, టైపు చేసిన అక్షరాల్ని శబ్దాలుగా మార్చి మామూలు ఫోను రిసీవరులోకి పంపే పరికరాన్ని తయారుచేశాడు. బధిరుడైన దంతవైద్యుడు జేమ్స్ మార్స్టర్స్, ఆండ్రూ సాక్స్ ఆయనకు తోడయ్యారు. టెలిగ్రాఫ్ సంస్థలు పక్కన పడేసిన పాత టెలిటైపు యంత్రాల్ని బాగుచేసి ఇళ్లకు చేర్చారు. ఫోను కంపెనీలు చెయ్యని పనిని వినపడనివారే పూనుకుని చేశారు. అలాంటి పరికరాల మీదుగానే ఆ తర్వాతి కాలంలో మామూలు ఇళ్లలోని కంప్యూటర్లు ఫోను తీగల మీద సమాచారం మార్చుకున్నాయి. ప్రపంచంలో తొలి ఎస్సెమ్మెస్ వెళ్లింది 1992 డిసెంబరులో. ఫోను తీగ మీద రాతపూర్వకంగా మాట్లాడుకోవడమన్నది అప్పటికే పాతికేళ్లకు పైగా బధిరుల ఇళ్లలో నిత్యవ్యవహారం. అవసరం ఒకచోట పుడుతుంది, పరికరం అందరిదవుతుంది, అందరిదైన పరికరం మొదటివారిని బయటికి నెడుతుంది, వాళ్లు దాన్ని మళ్లీ తమకు పనికొచ్చేలా మలుచుకుంటే అదీ అందరిదవుతుంది. ఈ వరస ఫోను చరిత్రలో పదే పదే కనిపిస్తుంది.

కెమెరా పెట్టగానే అక్షరాలు చదివే సౌకర్యం సంగతి చూద్దాం. అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లో, అచ్చు పుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని బయటపెట్టాడు. ఏ అచ్చు రకాన్నైనా పోల్చుకునే సాఫ్ట్‌వేర్, పేజీని పరిచి బొమ్మ తీసే స్కానరు, అక్షరాల్ని మాటగా పలికే భాగం, ఈ మూడూ అందులో కలిశాయి. అక్కడి అంధుల సమాఖ్య సభ్యులు దాన్ని వాడి చూసి, లోపాలు చెప్పి, సరిచేయించారు. గాయకుడు స్టీవీ వండర్ దాన్ని సొంతానికి కొనుక్కున్న మొదటి మనిషి. ఆఫీసు బల్లల మీది స్కానర్లకూ, పాత పుస్తకాల్ని వెతకదగిన పాఠంగా మార్చే పనికీ, ఫోను కెమెరా రసీదునో బోర్డునో చదివి చెప్పడానికీ దారి వేసినవాటిలో ఆ యంత్రం ముఖ్యమైనది. చూపున్నవారికి ఆఫీసులో దానితో పని ఉందని లోకం తర్వాత కనిపెట్టింది.

కీబోర్డు కథ నాకు ఇంకా ఆసక్తికరం. తొమ్మిది మీటల ఫోనులో ఒక్కో మీటను ఒక్కసారే నొక్కితే మాటను ఊహించి చూపించే టీ9 పద్ధతి మన దగ్గర కూడా ఒక తరం చేతి వేళ్లకు అలవాటైన విద్య. అమెరికాలోని సియాటిల్‌లో టెజిక్ సంస్థ పెట్టి దాన్ని తయారుచేసిన మార్టిన్ కింగ్, క్లిఫ్ కుష్లర్ మొదట ఫోన్ల గురించి ఆలోచించలేదు. ఒళ్లు కదపలేని, నోరు తెరిచి మాట్లాడలేని మనిషి కేవలం చూపు తిప్పి అక్షరాలు ఎంచుకునే పరికరం మీద వారి పని మొదలైంది. చూపు కొద్ది దిక్కుల్ని మాత్రమే కచ్చితంగా చూపించగలదు. కాబట్టి ఒక్కో దిక్కుకు కొన్నేసి అక్షరాలు కేటాయించి, ఆ వరస చూసి ఏ మాటై ఉంటుందో నిఘంటువుతో తేల్చాలి. దిక్కుల స్థానంలో మీటలు పెడితే అదే ఫోను కీబోర్డు. తర్వాత ఇదే కుష్లర్, వికలాంగుల కోసం తెర మీది కీబోర్డులు చేసిన రాండీ మార్స్‌డెన్‌తో కలిసి, వేలు ఎత్తకుండా అక్షరాల మీద గీత గీస్తే మాట పడే స్వైప్ పద్ధతిని తెచ్చాడు. ఇవాళ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఒంటి చేత్తో సందేశం కొట్టే ప్రతి ఒక్కరూ వాడుతున్నది కదలలేని మనిషి కోసం మొదలైన ఆలోచననే.

తాకే తెర కూడా ఇంతే. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న వేన్ వెస్టర్‌మన్‌కి ఎక్కువసేపు టైపు చేయడం వల్ల చేతుల్లో తీవ్రమైన నొప్పి వచ్చింది. మీటలు గట్టిగా నొక్కే పని లేకుండా, ఒక పలక మీద వేళ్లు తేలిగ్గా ఆనించి నడిపితే చాలనేలా ఆయన తన గురువు జాన్ ఎలియాస్‌తో కలిసి పనిచేశాడు. 1998లో ఫింగర్‌వర్క్స్ అనే చిన్న సంస్థ పెట్టారు. చేతి నొప్పులున్నవారు ఆ పలకల్ని ఇష్టంగా వాడారు. ఆపిల్ 2005లో ఆ సంస్థను కొనేసింది, 2007లో ఐఫోన్ వచ్చింది. ఒకేసారి పలు వేళ్ల కదలికను గుర్తించే తెరల మీద అంతకుముందే వేరేచోట్ల కూడా ప్రయోగాలు జరిగిన మాట నిజమే. అయితే ఐఫోన్ తయారైన ఇంటికి ఆ జ్ఞానాన్ని మోసుకెళ్లిన మనుషుల్లో వెస్టర్‌మన్ ఒకడు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. నచ్చిన ఉదాహరణలే ఏరుకుని చరిత్ర అల్లుతున్నారనీ, సాంకేతికతను నడిపింది సైన్యం డబ్బు, ఆఫీసుల అవసరం, మార్కెట్టు పోటీ అనీ అనవచ్చు. మాటను అక్షరాలుగా మార్చే విద్యనే తీసుకుంటే, ఆ అభ్యంతరానికి బలం ఉంది. ఆ విద్యకు పునాదులు వేసినవారిలో ముందు వరసలో నిలిచేవాడు మన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్థీ దగ్గర డాక్టరేట్ చేసి, 1969 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనిషి. అక్కడ ఆయన బృందం చేసిన హియర్సే అనే వ్యవస్థ నోటిమాటతో చదరంగం ఎత్తులు తీసుకుంది. 1976 నాటి హార్పీ వెయ్యికి పైగా మాటల్ని గుర్తుపట్టింది. ఆ పనికి డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. కాబట్టి మాట గుర్తింపు వికలాంగుల కోసమే పుట్టిందని అంటే అది అబద్ధమవుతుంది.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, పరికరం మనిషికి అమరేలా ఎలా మారిందన్నది వేరే ప్రశ్న. రాజ్ రెడ్డి బృందం నుంచి వచ్చిన బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సంస్థ పెట్టారు. 1990లో వాళ్లు అమ్మిన తొలి డిక్టేషన్ సాఫ్ట్‌వేర్‌తో మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి మాట్లాడాలి. ధర కూడా మామూలు ఆఫీసు గుమస్తా అందుకోగలిగింది కాదు. మీటలు నొక్కగలిగినవాడికి అంత ఓపిక ఎందుకుంటుంది? చేతులు పనిచెయ్యనివారికి అది తప్ప దారి లేదు కనుక వాళ్లు భరించారు, నేర్చుకున్నారు, తప్పులు ఎత్తిచూపారు. ఒక పరికరం ఇంకా మొండిగా, ఖరీదుగా, తప్పులతో ఉన్నప్పుడే దాన్ని రోజూ వాడి బాగుచేయించేది వేరే గతి లేని మనుషులే. సైన్యం డబ్బు ఒక విద్యను ప్రయోగశాలలో బతికించగలదు. దాన్ని నిత్యజీవితంలోకి తెచ్చిన మొదటి వాడకందార్లలో వికలాంగులు ముందున్నారన్నదే నేను చెప్పదలచుకున్నది. ఆ అభ్యంతరాన్ని అంతవరకు ఒప్పుకున్నా నా వాదనకు దెబ్బ తగలదు.

2007లో ఐఫోన్ రాగానే పాత వరస మళ్లీ మొదలైంది. మీటలున్న ఫోన్లను చూపు లేనివారు తడిమి వాడగలిగేవారు. అయిదో అంకె మీద చిన్న బొడిపె ఉండేది, అక్కణ్ణుంచి మిగతావన్నీ వేలికి తెలిసేవి. తెర చదివే సాఫ్ట్‌వేర్‌ని కొన్ని నోకియా ఫోన్లకు విడిగా డబ్బు పెట్టి కొని వేసుకునేవారు. నున్నటి గాజుపలక రాగానే తడమడానికి ఏమీ లేకుండా పోయింది. పెద్ద కంపెనీలన్నీ అటే పరుగు తీయడంతో, ఇక ఫోను తమకు దక్కదని చూపు లేనివారు భయపడిన కాలం అది.

అప్పుడు గూగుల్‌లో పనిచేస్తున్న టి.వి. రామన్ పుణేలో పుట్టి పెరిగిన మనిషి. గ్లకోమా వల్ల పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయింది. గణితం చదివి, ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చేసి, కోర్నెల్‌లో 1994లో డాక్టరేట్ పొందాడు. గణిత సమీకరణాలతో నిండిన పాఠాన్ని చెవికి అర్థమయ్యేలా వినిపించడం ఎలాగన్నది ఆయన సిద్ధాంత గ్రంథం విషయం. రామన్, ఆయన సహచరుడు చార్లెస్ చెన్ గాజుతెర మీద అంకెలు నొక్కే సమస్యను తిరగేసి ఆలోచించారు. తెర మీద అయిదో అంకె ఎక్కడుందో వేలు వెతుక్కోవడం మానేసి, వేలు ఎక్కడ ఆనితే అదే అయిదో అంకె అని ఫోను అనుకుంటే సరిపోతుంది. అక్కణ్ణుంచి పైకి జరిపితే రెండు, పైకీ ఎడమకూ మూలగా జరిపితే ఒకటి. తప్పు పడితే ఫోనును ఊపితే ఆ అంకె చెరిగిపోతుంది. బొడిపె చేసే పనిని గాజు మీదే, ఏ కొత్త భాగమూ జోడించకుండా సాధించారు. 2009లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.6తో టాక్‌బ్యాక్ అనే తెర చదివే సౌకర్యం ఫోనులో భాగంగా చేరింది. అదే ఏడాది జూన్‌లో ఆపిల్ ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ పెట్టింది. వేలు ఆనిస్తే అక్కడేముందో పలుకుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. తెర అంతా వేలితో జరుపుతూ వింటూ పోయే పద్ధతి ఆండ్రాయిడ్‌కి 2011లో నాలుగో రూపంతో వచ్చింది.

ఈ మార్పులో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది సౌకర్యం కాదు, ధర. అప్పటిదాకా చూపు లేనివారు ఫోను ఒకటి, అది చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి, రెండు కొనాల్సి వచ్చేది. 2009 నుంచి అది ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉచితంగా, ఫోనుతో పాటే రావడం మొదలైంది. వెల లేకుండా అందరి చేతికీ వచ్చింది కాబట్టే అది పక్కింటివారికీ, ముసలివారికీ, చదువు రానివారికీ కూడా అందే అవకాశం ఏర్పడింది. అందినా చాలామంది అందుకోకపోవడం వేరే సంగతి.

తెలుగు నేల మీద ఈ సంగతికి ఇంకో ముఖం ఉంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత దాదాపు 67 శాతం. అంటే అప్పటికి ఏడేళ్లు నిండినవారిలో మూడో వంతు మందికి అక్షరం కళ్లకు కనిపించేది గానీ చదవడానికి లొంగేది కాదు. రైతు ఖాతాలో డబ్బు పడిన సందేశం, ఆసుపత్రి వారి కబురు, పింఛను తేదీ ఇలాంటివారికి అక్షరాలుగా వచ్చి ఆగిపోతున్నాయి. తెర మీద ఎంచుకున్న భాగాన్ని చదివి వినిపించే సెలెక్ట్ టు స్పీక్ ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే యాక్సెసిబిలిటీ విభాగంలో ఉంది, తెలుగు గొంతు కూడా ఉంది. చూపు సరిగా లేనివారి కోసం చేసిన ఈ సౌకర్యం తెలుగువారిలో అక్షరం రానివారికి అంతే అవసరం. మనవణ్ణి పిలిచి చదివించుకునే ముసలావిడకు, కరోలినా ఫాంతోని లాగే, తన డబ్బు సంగతి ఇంకొకరి కంట పడకుండా తెలుసుకునే హక్కు ఉంది.

రాయడంలోనూ ఇంతే. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు గుర్తుల వరస. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. చిన్న తెర మీద ఒత్తులూ గుణింతాలూ ఏరుకుని కొట్టలేక లక్షలమంది తెలుగును ఇంగ్లీషు లిపిలో రాయడానికి అలవాటు పడ్డారు. గూగుల్ 2017 ఆగస్టులో మాట్లాడితే టైపు అయ్యే సౌకర్యాన్ని తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ భాషలకు తెచ్చింది. అంతకు ముందు మన భాషల్లో హిందీకే ఆ భాగ్యం ఉండేది. కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఒత్తులతో సహా తెలుగు లిపిలో పడుతుంది. తప్పులు వస్తాయి, మాండలికం మారితే ఎక్కువ వస్తాయి. అయినా తెలుగును తెలుగు లిపిలో నిలబెట్టడానికి వచ్చిన సాధనాల్లో ఇంతకంటే తేలికైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఫోన్లు చేసేవారి మనసులో ఉండే మామూలు వాడకందారు ఇంగ్లీషు చదివే, చూపు బాగున్న, చేతులు ఆడే యువకుడు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక తెలుగు సంయుక్తాక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి, సరిచెయ్యడానికి ఆపిల్ కొద్దిరోజుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చెయ్యాల్సి వచ్చింది. మన లిపి కూడా అంచున నిలబెట్టబడినదే అని ఆ ఘటన చెప్పింది. అందుకే అంచున ఉన్నవారి కోసం చేసిన సాధనాల్ని తెలుగువారు తమవిగా చూడడానికి వేరే కారణం అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. తెరను మూడుసార్లు తడితే బొమ్మ పెద్దదయ్యే మాగ్నిఫికేషన్ ఆండ్రాయిడ్‌లో 2012 నుంచి ఉంది. చత్వారం వచ్చిన ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. భౌతిక బటన్లు నొక్కలేనివారి కోసం ఆపిల్ 2011లో తెచ్చిన అసిస్టివ్‌టచ్ అనే తేలే గుండ్రని గుర్తును, హోం బటన్ అరిగిపోతుందని మన దేశంలో ఎందరో వాడారు. అది ఎవరి కోసం వచ్చిందో వారిలో చాలామందికి తెలియదు. ఎదుటివారు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌ను గూగుల్ 2019 ఫిబ్రవరిలో విడుదల చేసింది. దాని వెనక ఉన్న శాస్త్రవేత్త దిమిత్రి కనెవ్‌స్కీ చిన్నతనంలోనే వినికిడి కోల్పోయిన మనిషి. డెబ్బైకి పైగా భాషలతో వచ్చిన ఆ సాధనంలో తెలుగునూ ఎంచుకోవచ్చు. వయసుతో చెవి మందగించిన తండ్రితో అరిచి మాట్లాడే ఇళ్లలో దీన్ని ఒకసారి ప్రయత్నించడానికి ఏ ఖర్చూ లేదు.

ఇంతదూరం వచ్చాక నా వాదన మీదే ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది వికలాంగుల వైపు నుంచే వస్తుంది. ఈ సౌకర్యాలు అందరికీ పనికొస్తాయి కాబట్టి మంచివని చెప్పడం, మా అవసరానికి విడిగా విలువ లేదని చెప్పడమే కదా అని వాళ్లు అడుగుతారు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. ఆ ఒక్క కారణం చాలదా? చాలు. బ్రెయిలీ తెర మరెవరికీ పనికిరాకపోయినా ఫోనుతో అది పనిచేసి తీరాలి. నా వాదన దాని ఉనికికి సమర్థన కాదు, అది మనకు ఎందుకు తెలియకుండా పోతున్నదన్నదానికి వివరణ. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఒక సౌకర్యాన్ని కొద్దిమందే వాడుతున్నారనుకుంటే కంపెనీలు దాన్ని నిర్లక్ష్యం చేస్తాయి. బ్యాంకు యాప్‌లో బటన్‌కు పేరు పెట్టకపోతే టాక్‌బ్యాక్ దాన్ని ఉత్త ‘బటన్’ అని పలికి ఊరుకుంటుంది. అది డబ్బు పంపేదో, రద్దు చేసేదో చూపు లేని మనిషికి తెలియదు. వాడేవారు పెరిగితే ఇలాంటి తప్పుల మీద ఫిర్యాదులూ పెరుగుతాయి. చూపున్నవారు వాడడం చూపు లేనివారికి బలమే అవుతుంది.

ఇంకో అభ్యంతరం భద్రత గురించి, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తెర మీద ఉన్నదంతా చదివి, మనిషి బదులు తానే బటన్లు నొక్కగలగడం ఈ సాధనాలకు ప్రాణం. అదే శక్తి మోసగాడి యాప్ చేతికి చిక్కితే ఓటీపీ చదివి డబ్బు లాగేస్తుంది. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతోనో చలానా పేరుతోనో ఏపీకే ఫైలు పంపి, దాన్ని వేసుకున్నాక యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే మోసాలు ఆ దారినే నడుస్తున్నాయి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఫైళ్ల ద్వారా వేసిన యాప్‌లకు ఆ అనుమతి తేలిగ్గా దక్కకుండా అడ్డు పెట్టారు. దీన్నిబట్టి ఆ విభాగం జోలికే పోవద్దని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. మోసపోయేది ఆ విభాగమేమిటో తెలియనివారే. అక్కడ ఫోనుతో పాటే వచ్చిన సాధనాలేవో తెలిసిన మనిషి, ఎక్కణ్ణుంచో వచ్చిన యాప్ ఆ అనుమతి అడగ్గానే అనుమానిస్తాడు. ఫోనుతో వచ్చినవాటిని నిర్భయంగా వాడండి. బయటి యాప్‌కు మాత్రం, అది పనిచేయడానికి ఆ శక్తి ఎందుకు కావాలో మీకు స్పష్టంగా తెలిస్తే తప్ప, ఆ అనుమతి ఇవ్వకండి.

మన దేశంలో ఈ విషయం దయ స్థాయి నుంచి హక్కు స్థాయికి చేరింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచడమే కాక, సమాచార సాంకేతికత అందుబాటును ప్రభుత్వ బాధ్యతగా రాసింది. నోట్ల పరిమాణం మారి తడిమి పోల్చుకోవడం కష్టమయ్యాక, నోటు ముందు కెమెరా పెడితే విలువ చెప్పే మణి యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసింది. యాసిడ్ దాడికి గురై కనురెప్పలు ఆడించలేని వారిని, కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే ఖాతా తెరుస్తామన్న పద్ధతి బయటికి నెట్టింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆ విషయమై తన ముందుకు వచ్చిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, ప్రభుత్వానికీ నియంత్రణ సంస్థలకూ ఇరవై ఆదేశాలిచ్చింది.

ఆదేశాలు అమలు కావాలంటే అడిగేవాళ్లు ఉండాలి. తెలుగులో యాప్‌లు చేస్తున్న ఇంజనీర్లు విడుదలకు ముందు ఒక్కసారి తెర ఆర్పేసి, టాక్‌బ్యాక్‌తో తమ యాప్‌ను తామే మొదటినుంచి చివరిదాకా నడిపి చూడాలి. ఫోన్లమ్మే దుకాణాల్లో కెమెరా మెగాపిక్సెళ్ల గురించి చెప్పేవారు అక్షరాల పరిమాణం గురించి, చదివి వినిపించే సౌకర్యం గురించి కూడా కొనేవారికి చూపించాలి. చదువరులు ఈ వారంలోనే తమ ఫోనులో ఆ విభాగాన్ని తెరిచి, అందులో ఒక్కదాన్ని ఇంట్లో చూపు మందగించిన, చెవి మందగించిన, చదువు రాని ఒక మనిషికి నేర్పమని నా కోరిక.